మా అవ్వను కొట్టిన చలిపెట్టె

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న ఆ రోజుల్లో, ఆదోని పత్తి షావుకార్ల ఇళ్లలో కొత్త కోడలికి నోరు ఉన్నా లేనట్టే. మామగారి ఎదుట పడకూడదు. పొరపాటున పడితే తలుపు చాటుకు తప్పుకోవాలి. ఆయనకేదైనా చెప్పాల్సి వస్తే అత్తగారి చెవిన వేయాలి, ఆమె తనకు వీలైనప్పుడు, తనకు నచ్చినంత మేరకు ఆయనకు చేరవేస్తుంది. ఇప్పటి పిల్లలు వింటే నవ్వుతారు. నాకు మాత్రం అప్పుడు ఏడుపొచ్చేది. ఎమ్మిగనూరులో మా పుట్టింట్లో నా ముద్దుపేరు బొంగరం. మగ్గాల చప్పుడులో అవతలివాళ్లకు వినపడాలని గొంతు పెంచి మాట్లాడుకునే వీధిలో పెరిగినదాన్ని. పొద్దున లేచింది మొదలు ఈ ఇంటినుంచి ఆ ఇంటికి తిరిగి, చూసిందంతా సాయంత్రానికి మా అమ్మకు అప్పజెప్పేదాన్ని. అలాంటి నన్ను తెచ్చి ఆదోనిలో ఒక పెద్ద బండల ఇంట్లో నిలబెట్టి "గమ్మునుండు" అన్నారు. కాలు నిలవదు, చెయ్యి ఊరుకోదు, నోరు దురద. తోమిన చెంబే మళ్లీ తోమేదాన్ని. మడిచిన బట్టలు విప్పి మళ్లీ మడిచేదాన్ని. (మా అత్తగారు అది పనిమంతురాలి లక్షణమని పొరబడి ఊరంతా చెప్పుకుంది పాపం.)

ఆ ఇంట్లో నాతో మనిషితో మాట్లాడినట్టు మాట్లాడింది ఒక్క అవ్వే. అవ్వంటే మా మామగారి తల్లి. ఆమె మడి ఆ వీధికంతటికీ భయం. పొద్దున్నే బావి దగ్గర తలమీదుగా నీళ్లు పోసుకుని, పిండిన తడిచీర అలాగే చుట్టుకుని, చేతిలో ఒక కర్ర పట్టుకుని బయల్దేరేది. ఆ కర్ర నడవడానికి కాదు, దారిలో మైల వస్తువులేమైనా ఉంటే పక్కకు నెట్టడానికి. మనుషులు కూడా ఆ లెక్కలోకే వచ్చేవాళ్లు. కానీ భోజనాలయ్యి మడి విప్పాక ఆమె వేరే మనిషి. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తల దువ్వుతూ, "సెప్పు పిల్లా, మీ ఎమ్మిగనూరు కతలు సెప్పు" అనేది. నేను మొదలుపెడితే ఆపేదాన్ని కాదు. ఆ గంటసేపు మాట్లాడుకోవడం కోసమే మిగతా రోజంతా బతికేదాన్నంటే నమ్మండి.

అలా ఉండగా ఎండాకాలం మొదట్లో మా ఇంటికి చలిపెట్టె, అదే ఇప్పటి ఫ్రిజ్జు, వచ్చింది. మా మామగారు పత్తి పని మీద మద్రాసు పోయి అక్కడెవరి ఇంట్లోనో చూసి, అలాంటిదే తెప్పించిందాకా నిద్రపోలేదు. రైల్లో వచ్చింది, స్టేషన్ నుంచి ఎద్దులబండి మీద ఊరేగుతూ వచ్చింది. బీరువా అంత తెల్లటి పెట్టె, లాగితే టక్కుమని ఊడే గొళ్లెం, లోపల దీపం. ఇంట్లో ఉన్న పెద్ద వరండాలో, వంటింటి గడప పక్కన, కొయ్య దిమ్మెల మీద నిలబెట్టారు. తీరా చూస్తే దాని తీగ చివర మూడు కాళ్లున్నాయి, మా గోడకు రెండే కన్నాలు. దూది నుంచి గింజలు వేరుచేసే మా జిన్నింగ్ మిల్లులో లైట్లు వేసే మనిషి వచ్చి తల గోక్కుంటుంటే మా మామగారు, "మనిసి రెండు కాళ్లతో నడుస్తాండాడు, దీనికి మూడోది ఏల? ఆ రెండూ తగిలీప్పా" అన్నారు. ఆయన మాటకు ఎదురు చెప్పే అలవాటు ఆ మిల్లులో ఎవరికీ లేదు. మూడోదాన్ని వదిలేసి రెండే తగిలించాడు. పెట్టె గుర్రుమంది. ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టాం.

దాని ముందర మా మామగారు మందంగా నేసిన ఒక ఆదోని జంపఖానా పరిపించారు, పెళ్లిళ్లలో పెద్దమనుషులకు పరిచేది. "సూసేకి వచ్చినోళ్లు దీని మీద నిలబడి సూడాల, తెరిసేటోళ్లు దీని మీద నిలబడి తెరవాల" అని ఆజ్ఞ. రోజూ ఎవరో ఒకరు వచ్చేవాళ్లు. జంపఖానా మీద నిలబడి తలుపు తీసి, దీపం చూసి, చెయ్యి లోపల పెట్టి, "అబ్బ, ఎంత సల్లగుండాదప్పా!" అని వెళ్లేవాళ్లు. అవ్వ మొదట్లో ఆ పెట్టె వంక చూడనైనా లేదు. కానీ ఆదోని ఎండల్లో పొద్దున తోడుపెట్టిన పెరుగు మధ్యాహ్నానికి పులిసి నురగ కక్కుతుంది. చలిపెట్టెలో పెరుగు సాయంత్రానికి కూడా తియ్యగా ఉంటుందని తెలిశాక అవ్వ మనసు కరిగింది. పై అర తనది, ఎవరూ ముట్టకూడదు. మరి గొళ్లెం? దాన్ని అందరూ పట్టుకుంటారే! దానికి అవ్వ దగ్గర జవాబుంది. లోహానికి నీళ్లు చల్లితే మైల పోతుంది. నూలుగుడ్డకు పోదు. అందుకని ఆమె తడిచీరలో వచ్చి, జంపఖానాను కర్రతో పక్కకు నెట్టి, తడికాళ్లతో వట్టి బండమీద నిలబడి, చెంబులో నీళ్లు గొళ్లెం మీద చల్లి, అప్పుడు చెయ్యి వేసేది.

వేసిన మొదటిరోజే చెంబు వదిలేసి కెవ్వుమంది. "కొట్టిందిరా! నన్ను కొట్టింది!" అందరం పరిగెత్తాం. మా మామగారు జంపఖానా సర్దించి, దానిమీద నిలబడి, గొళ్లెం పట్టుకుని ఊపి చూపించారు. "యాడ కొడతాందిమ్మా? సలిపెట్టె సల్లగా తగలక ఉడుకుగా తగుల్తాదా?" "సల్లదనం నాకు తెలీదేమిరా? ఇది తేలు కుట్టినట్టుండాది" అంది అవ్వ. అత్తగారు పట్టుకుంది, మా ఆయన పట్టుకున్నాడు, పక్కింటివాళ్లు పట్టుకున్నారు. అందరూ జంపఖానా మీదే. ఎవరికీ ఏమీ కాలేదు. మర్నాడు మళ్లీ అవ్వను కొట్టింది. ఆ మర్నాడూ కొట్టింది. ఆమె మాత్రం పెరుగు మానదు, మడి మానదు. రోజూ పోవడం, కొట్టించుకోవడం, దాన్ని తిట్టడం. "నన్నొక్కదాన్నే కొడతాది. మనిసిని గుర్తుపడతాది ఇది" అని వచ్చినవాళ్లందరికీ చెప్పసాగింది. పత్తి కొనడానికి వచ్చిన బొంబాయి సేట్ల ముందు కూడా చెప్పింది. అదిగో, అక్కడ మా మామగారికి తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రం అత్తగారితో అంటుంటే నేను తలుపు చాటున విన్నాను. "అమ్మకు మతి తప్పతాంది. నాయన తద్దినం అయిపోనీ, కౌతాళంలో చెల్లెలింటికి పంపిద్దాం. కాలవ నీళ్లు, సల్లగాలి. ఆడుండనీ." బండికి కబురు కూడా వెళ్లింది.

 అవ్వ వెళ్లిపోతే ఆ బండల ఇంట్లో నా గతేమిటి? (చూశారా, ముందు నా గురించే ఆలోచించాను.) అవ్వకు విషయం తెలిసి, తన మడిబట్టల దండెం వంక చూస్తూ కూర్చుంది. ఎప్పుడూ తిట్టే మనిషి తిట్టకుండా ఉంటే చూడలేం. "నాకు నిజంగానే మతి తప్పతాందేమో పిల్లా. అందరికీ లేనిది నాకే ఎట్ల తగుల్తాది?" అంది. ఆ మాటకు నాకు కాలు నిలవలేదు. ఒకనాడు అవ్వకు నడుము పట్టేస్తే, "నువ్వు మడి కట్టుకుని ఆ పెరుగు తెచ్చి పెట్టు" అంది. నేను బావి దగ్గర స్నానం చేసి, తడిచీరతో, ఆమె చేసినట్టే జంపఖానా నెట్టి, నీళ్లు చల్లి గొళ్లెం పట్టుకున్నాను. అమ్మమ్మమ్మ! భుజందాకా ఎవరో మెలిపెట్టి లాగినట్టయింది. పళ్లు టకటకా కొట్టుకున్నాయి. నొప్పి తగ్గకముందే నాకు పట్టరాని సంతోషం. అవ్వకు మతి పోలేదు! ఇంకెవరైనా అయితే అక్కడితో ఊరుకునేవాళ్లు. నేను బొంగరాన్ని కదా, జంపఖానా లాక్కుని దానిమీదెక్కి మళ్లీ పట్టుకున్నాను. ఏమీ లేదు. దిగి పట్టుకున్నాను. కొట్టింది. ఎక్కాను, దిగాను, ఎక్కాను, దిగాను. (దేవుడు నన్నెందుకు బతికించాడో ఇప్పటికీ అర్థం కాదు. మీరెవరూ ఇలా చేయకండి.) మందపు నూలుగుడ్డ మీద నిలబడితే వదిలేస్తుంది, తడిబండ మీద నిలబడితే పట్టుకుంటుంది. మడి మనిషి జంపఖానా తొక్కదు. అంతే సంగతి.

కనిపెట్టడమైతే కనిపెట్టాను, చెప్పేదెవరికి? అవ్వ "నిన్ను గూడా కొట్టిందా!" అని మురిసిందే గానీ నూలుగుడ్డ సంగతి తలకెక్కించుకోలేదు, ఆమె చెప్పినా మామగారు నమ్మరు. అత్తగారితో చెప్పాను. ఆమె నా ముఖం వంక కాసేపు చూసి, "నువ్వు గూడానా? ఇంట్లో ఒకరు సాలు" అని వంటింట్లోకి పోయింది. మా ఆయన మిల్లునుంచి తలనిండా దూదితో వచ్చాడు. ఆయనకు గుక్క తిప్పుకోకుండా చెప్పాను. "రేపు నాయనకు సెప్తాలే" అన్నాడు. మర్నాడు అడిగితే, "ఈపొద్దు నాయన కోపంగుండాడు." ఆ మర్నాడు అడిగితే, "ఈపొద్దు నాయన సంతోసంగుండాడు, ఏల సెడగొట్టేది?" అన్నాడు. కోపమూ సంతోషమూ రెండూ లేని రోజు కోసం కాచుకుంటే ఈలోగా ఎవరి ప్రాణమో పోతుందని నాకు భయం. లోపల ఉడికిపోతున్నాను, బయటికి ఒక్కమాట లేదు.  సరే, నోరు లేకపోతే చెయ్యైనా ఉందని, ఒక కొయ్యపీట కడిగి ఆరబెట్టి చలిపెట్టె ముందు వేశాను. పీటకు మైల లేదు. అవ్వ దానిమీదెక్కి గొళ్లెం పట్టుకుంది. కొట్టలేదు! "లొంగింది సూడు నాకు!" అని అవ్వ మురిసిపోయింది. నేనూ మురిసిపోయాను. కానీ ఆ సాయంత్రం మామగారన్న మాట వింటే నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. "నిన్నటిదాకా కొడతాంది అనె. ఈపొద్దు కొట్టలేదంట. ఒకపూట ఉండాది, ఒకపూట లేదు. మతి తప్పేది ఇట్లనే గదా మొదలయ్యేది?" అన్నారాయన. కౌతాళం ప్రయాణం ఇంకా గట్టిపడింది.

తద్దినం రోజు వచ్చింది. ఆ రోజు మైలగుడ్డ ఏదీ నేలమీద ఉండకూడదని జంపఖానా చుట్టి మేడమీద పెట్టించారు. పీటలన్నీ భోక్తల కోసం తీసుకుపోయారు, నేను వేసినదీ అందులోనే పోయింది. ఇల్లంతా కడిగిన బండలు, కాళ్లకింద నీళ్లు. ఆ మధ్యలో చలిపెట్టె తగుదునమ్మా అని గుర్రుమంటూ నిలబడి ఉంది. నేను మడికట్టుకుని వంటింటి గడపలో వడ్డనకు విస్తళ్లు తుడుస్తూ దానివంకే చూస్తున్నాను. పెట్టె పక్కన తెచ్చిపెట్టిన అరటాకుల కుప్ప, అవతల కర్ర పట్టుకుని అవ్వ. ఆమె మూట అప్పటికే కట్టి ఉంది. సాయంత్రం బండి వస్తుంది. పురోహితుడు మంత్రాలయం పక్క ఊరాయన, పెద్దాయన, ఇంటిదగ్గర కన్నడం మాట్లాడతారు. పిండాలకు సిద్ధం చేస్తూ ఉండి ఉండి, "అప్పా షావుకారూ, ఇదేనా ఆ పెట్టె? లోపల దీపం ఉంటాదంట గదా. తలుపేస్తే ఆరిపోతాదా, ఎలుగుతానే ఉంటాదా?" అని అడిగారు. తండ్రి తద్దినమైనా, ఒంటిమీద తడిపంచె కారుతున్నా, చలిపెట్టె గురించి అడిగితే మా మామగారు ఆగలేరు. "సూపిస్తా రండి స్వామీ" అని తడికాళ్లతో చకచకా వస్తున్నారు.

నా చేతిలోంచి విస్తరాకు జారిపోయింది. అత్తగారెక్కడా? పెరట్లో. మా ఆయనెక్కడా? పాలకోసం పోయాడు. గాజులు గలగలలాడించాను. ఆ శబ్దానికి మామగారు తల తిప్పలేదు. ఆయన చెయ్యి లేస్తోంది. నాకు మర్యాద గుర్తుంది, పుట్టింటివాళ్లకు వచ్చే మాట గుర్తుంది, గడప దాటకూడదని గుర్తుంది. అన్నీ గుర్తుండగానే ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో అరిచే గొంతుతో అరిచాను. "మామా! ముట్టొద్దు! కొడ్తాది!" పురోహితుడు ఉలిక్కిపడ్డారు. పెరట్లో కాకులు లేచాయి. మామగారు మాత్రం 'ఎవరో ఆడమనిషి వీధిలో అరుస్తోంది' అన్నట్టు వాకిలివైపు ఒక చూపు చూసి, గొళ్లెం పట్టుకున్నారు.

పట్టుకుంటే వదల్లేదు. వదల్లేకపోయారు. కళ్లు తేలేసి, నోరు తెరిచి, పంచె వణుకుతూ అలాగే బిగుసుకుపోయారు. నాకు కాళ్లు ఆడలేదు. అవ్వకు ఆడాయి. అంత వయసు మనిషి రెండంగల్లో వచ్చి, ఆ మడికర్రతో కొడుకు ముంజేతి మీద ఫెడీమని ఒక్కటేసింది. చెయ్యి ఊడింది. ఆయన వెనక్కి పోయి అరటాకుల కుప్పలో కూలబడ్డారు. నేను అప్పటికి తెలివి తెచ్చుకుని గోడమీద స్విచ్చి ఆపేశాను. పెట్టె గుర్రు ఆగిపోయింది.  అవ్వ కర్ర నేలకు ఆనించి, ఆయాసపడుతూ, "ఇంగ సెప్పురా. ఎవురికి తప్పింది మతి?" అంది. అని, వెంటనే కూర్చుండిపోయి కొడుకు చెయ్యి ఒళ్లో పెట్టుకుని తడుముతూ ఏడ్చేసింది. అప్పటికి మడి సంగతి ఇద్దరికీ గుర్తులేదు.

కాస్త తేరుకున్నాక మా మామగారు అడిగిన మొదటి మాట, "ఎవురో అరిసినారే, ముట్టొద్దని. ఎవురది?"  అవ్వ కళ్లు తుడుచుకుని, "నీ కోడలు. పెండ్లైనప్పట్నుంచి ఈ ఇంట్లోనే ఉండాది" అంది. ఆయన నావైపు తిరిగారు. నా గొంతు ఆయనెప్పుడూ వినలేదు మరి, గుర్తుపట్టడమెలా? "ఇట్ల రామ్మా. నీకెట్ల తెలుసు?" అన్నారు. అడిగారు కదా! గడప దాటి వెళ్లి జంపఖానా సంగతి, తడిబండ సంగతి, గొళ్లెంమీద నీళ్ల సంగతి, పీట సంగతి, అవ్వ మతి నిక్షేపంలా ఉందన్న సంగతి, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పాను. ఆ ఊపులోనే మొన్నటి చారులో ఉప్పెక్కువైంది నావల్ల కాదని కూడా చెప్పేశాను. పురోహితుడు పంచె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు.

బండి వచ్చింది. అవ్వ దాని దగ్గరికి పోయి, మూట ఎక్కించకుండా, కూతురికని మామిడికాయలు ఎక్కించి పంపేసింది. వారంలోపు మిల్లు మనిషి మళ్లీ వచ్చి గోడకు మూడు కన్నాలదాన్ని బిగించాడు. మూడోకాలు ఉత్తిది కాదట, దారితప్పి పెట్టె ఒంటికెక్కిన కరెంటును మట్టిలోకి దించేది అదేనట. పెరట్లో లోతుగా గుంట తవ్వి, బొగ్గులూ ఉప్పూ వేసి, తీగను అందులో దింపాడు. తీగలో దెబ్బతిన్నచోటు కూడా మార్చాడు. ఎండాకాలం ఆ గుంట ఎండిపోకుండా నీళ్లు పోస్తుండాలన్నాడు. ఆ పని అవ్వ తీసుకుంది. పూజకు పోయినంత నియమంగా రోజూ ఒక బిందె పోసి, "తాగు, తాగి అణిగి ఉండు" అని చెప్పి వచ్చేది. ఇన్నాళ్లు నా మాట వినని చెవులన్నీ అప్పటినుంచి కొంచెం ఇటు తిరిగాయి. మామగారితో నేను నేరుగా మాట్లాడటం చూసి మొదట్లో అత్తగారు మూతి ముడిచింది గానీ, నా మాట మోసే పని తప్పినందుకు తర్వాత ఆమే సంతోషించింది.

ఆ చలిపెట్టె చాలా ఏళ్లు పనిచేసింది. అవ్వ పోయాక కూడా పనిచేసింది. చివరికి ఒక ఎండాకాలం గుర్రు మానేసి ఊరుకుంది. "పెరట్లో పెట్టిద్దాం. వేరుశనక్కాయలు పోసుకుందాం, ఎలకలు దూరవు" అంది అత్తగారు. అప్పటికి నాకు ఇద్దరు పిల్లలు, ఇంటినిండా వాళ్ల స్నేహితులు, పొద్దస్తమానం దాగుడుమూతలు. పెరట్లోకి చేరిన రోజే దాని చుట్టూ తిరుగుతూ దాక్కుంటే అందులో ఎవరు సరిపోతారా అని కొలుచుకుంటున్నారు. నాకు మళ్లీ ఆ పాత దురద మొదలైంది, కాలు నిలవదు. ఆ గొళ్లెం బయటినుంచే తెరుచుకుంటుంది. లోపలివాళ్లు ఎంత తోసినా రాదు, ఎంత అరిచినా వినపడదు. నేరుగా మామగారి మంచం దగ్గరికి వెళ్లాను. "మామా, ఆ పెట్టెకు తలుపు ఉండగూడదు. పిల్లోళ్లు దూరి యేసుకుంటే లోపల్నించి తెరిసేకి రాదు" అన్నాను. ఇంకా చాలా చెప్పాలని ఊపిరి తీసుకున్నాను. ఆయన అప్పటికే చెప్పులు వెతుక్కుంటున్నారు.

మిల్లు మనిషికి కబురు చేస్తానన్నా వినలేదు. స్క్రూడ్రైవరు తెప్పించుకుని, పెట్టె ముందు గొంతుక్కూర్చున్నారు. చేతులు వణికే వయసు, తుప్పు పట్టిన మరలు. ఒకటి విప్పడం, కాసేపు ఆగి తువ్వాలుతో మొహం తుడుచుకోవడం, మళ్లీ ఇంకోటి. ఎండ తిరిగిందాకా అలాగే కూర్చుని తలుపు ఊడదీశారు. సుత్తి తెప్పించి గొళ్లెం కూడా పగలగొట్టారు. తలుపు వేరుగా, పెట్టె వేరుగా, పాత ఇనుము కొనే మనిషి ఎప్పుడొస్తే అప్పుడు తీసుకుపోయేలా గోడకు ఆనించారు. అత్తగారికి ఆ వేరుశనక్కాయల మీద ఆశ చావలేదు. "మంచి తలుపు. ఎండలో కూసోని అంత పని ఏల? ఆ పిల్ల ఏమో సెప్పిందని..." అంది.

"ఒకతూరి సెప్తే ఇనకుండా ముట్టుకుంటి" అన్నారు మా మామగారు, లేవడానికి నాకు చెయ్యి అందిస్తూ. "సాలు." తర్వాత నావైపు తిరిగి, "ఇంగేమన్నా ఉండాదా అమ్మా, సెప్పేది?" అని అడిగారు. నోరు తెరిచాను. బొంగరానికి ఒక్క మాటా దొరకలేదు. లేదని తల ఊపాను. ఇప్పుడు ఎవరింటికి పోయినా ముందు ప్లగ్గుకు మూడు కాళ్లున్నాయా లేదా అని వంగి చూస్తాను. "అవ్వా, కాసేపు ఒకచోట కూర్చోవా?" అంటారు మనవలు. కూర్చుంటాను. పెరట్లో ఆ ఎండలో మాట రాక నిలబడ్డ మనిషి తలపుకొస్తే మాత్రం, అది నేనేనా అనిపించి నవ్వొస్తుంది.